సుమతిని ఎవరైనా అడిగారా?

తెలుగులో సైన్స్ ఫిక్షన్ సినిమాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ రాబోయే కాలాన్ని భయంకరంగా ఊహించి, ఆ భయంలోంచి ఈనాటి లోకాన్ని ప్రశ్నించే ‘డిస్టోపియా’ తరహా సినిమాలు మరీ తక్కువ. 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ ఆ కోవలో మనకున్న అతిపెద్ద ప్రయత్నం. వైజయంతీ మూవీస్ తీసిన ఈ సినిమాకి నాగ్ అశ్విన్ దర్శకుడు. అది వచ్చిన రోజుల్లో పత్రికల్లోనూ టీవీల్లోనూ చాలా చర్చ జరిగింది. ఎంత ఖర్చయింది, ఎంత వసూలయింది, గ్రాఫిక్స్ హాలీవుడ్‌కి సాటి వస్తాయా, కర్ణుణ్ణి అర్జునుడికన్నా గొప్పగా చూపించొచ్చా – ఇవీ ఆ చర్చలు. ఈ కథంతా ఒక గర్భవతి చుట్టూ తిరుగుతుందన్న సంగతి మాత్రం ఎవరికీ పెద్ద విషయంగా అనిపించలేదు.

నేనీ సినిమాని రెండుసార్లు చూశాను. మొదటిసారి థియేటర్లో, ఈలల మధ్య. రెండోసారి ఇంట్లో, ఆపుకుంటూ, నోట్సు రాసుకుంటూ. రెండోసారి చూస్తున్నప్పుడు నాకు ఒకే ప్రశ్న మిగిలింది. జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్ నగర్‌లో కూర్చుని మనవాళ్ళు ఊహించిన భవిష్యత్తులో స్త్రీకి ఏ చోటు కేటాయించారు?

కథ చూద్దాం. క్రీస్తు శకం 2898. భూమ్మీద మిగిలిన చివరి నగరం కాశీ. నీళ్ళు లేవు, పచ్చదనం లేదు. కాశీ పైన ఆకాశంలో తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి ‘కాంప్లెక్స్’ ఉంది. నీళ్ళూ చెట్లూ సుఖాలూ అన్నీ అందులోనే. దాన్ని ఏలేవాడు యాస్కిన్. రెండువందల ఏళ్ళ వృద్ధుడు. అతనికి యవ్వనం కావాలి. దానికోసం ‘ప్రాజెక్ట్ కె’ పేరుతో ఒక ప్రయోగశాల నడుస్తుంటుంది. గర్భం దాల్చగల స్త్రీలని పట్టుకొచ్చి, వాళ్ళకి కృత్రిమంగా గర్భం తెప్పించి, పిండం నుంచి సీరం తీస్తారు. ఆ పనిలో స్త్రీలు చచ్చిపోతారు. అక్కడ స్త్రీలకి పేర్లుండవు, నంబర్లుంటాయి. సమ్-80 అనే నంబరున్న స్త్రీ తన గర్భాన్ని దాచుకుని తప్పించుకుంటుంది. ఆమె కడుపులో ఉన్నది కల్కి. ఆమెని కాపాడటానికి మహాభారత కాలం నుంచి బతికున్న అశ్వత్థామ వస్తాడు. ఆమెని పట్టిచ్చి, ఆ డబ్బుతో కాంప్లెక్స్‌లో స్థానం కొనుక్కోవాలని భైరవ వెంటపడతాడు. శంబల అనే రహస్య నగరం ఆమెని తల్లిగా ఆహ్వానిస్తుంది.

ఈ ఊహలో బలం లేదని నేననను. స్త్రీ గర్భాన్ని గనిగా చూసే రాజ్యాన్ని తెలుగు తెరమీద ఇంత స్పష్టంగా ఇంతకుముందు ఎవరూ చూపలేదు. ఆడపిల్లని తెలిస్తే ఎత్తుకుపోతారని మగపిల్లాడి వేషంలో బతికే రాయా పాత్ర ఒక్కటి చాలు, ఆ లోకం ఎలాంటిదో అర్థమవడానికి. నాగ్ అశ్విన్ ‘మహానటి’ (2018) తీసిన మనిషి. సావిత్రి జీవితాన్ని ఒక మహిళా జర్నలిస్టు వెతుక్కుంటూ వెళ్ళి చెప్పే కథగా మలిచిన మనిషి. నిర్మాణంలో స్వప్న దత్, ప్రియాంక దత్ ఉన్నారు. అందుకే నేను ఈ సినిమా నుంచి కొంచెం ఎక్కువే ఆశించాను.

డిస్టోపియా సినిమాలు ప్రపంచంలో చాలావరకు నవలల నుంచి పుట్టాయి. తెలుగు సినిమాకీ ఒకప్పుడు నవలతో గట్టి బంధముండేది. ఆ నవలలు రాసింది ఎక్కువగా స్త్రీలు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ఆమెదే ‘ప్రేమ్‌నగర్’ 1971లో సినిమాగా వచ్చి, నష్టాల్లో ఉన్న నిర్మాత డి. రామానాయుడుని నిలబెట్టింది. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ని 1973లో విజయనిర్మల తెరకెక్కించారు. రచయిత్రి స్త్రీ, దర్శకురాలు స్త్రీ. ఈ నవలల మీద మనకి ఎన్ని విమర్శలున్నా, అందులో స్త్రీకి ఒక మనసు, దానిలో ఒక సంఘర్షణ, ‘నాకేం కావాలి’ అన్న ఒక ప్రశ్న ఉండేవి. ఇవాళ ఫిల్మ్ నగర్‌లో రామానాయుడు స్టూడియో ముందు నుంచి వెళ్తున్నప్పుడు, ఆ గోడల్లో ఒక రచయిత్రి కలం కూడా ఉందని ఎంతమందికి గుర్తొస్తుంది?

ఆ తర్వాత నవల తెరమీద నుంచి మెల్లగా తప్పుకుంది. సైన్స్ ఫిక్షన్ విషయానికొస్తే, సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) ఉంది. హెచ్.జి. వెల్స్ నవల ‘టైమ్ మెషీన్’ దానికి ప్రేరణ. అందులో కథ ఒకవైపు కృష్ణదేవరాయల కాలానికీ, ఇంకోవైపు 2504కీ వెళ్తుంది. యుద్ధం వల్ల పాడైపోయిన ఆ భవిష్యత్తు బహుశా తెలుగు తెర మీద మొదటి డిస్టోపియా. ఆ సింగీతాన్నే ‘కల్కి’కి మార్గదర్శకుడిగా 2020లో ప్రకటించారు. కానీ ‘కల్కి’కి ఆధారం నవల కాదు, పురాణం. మహాభారత యుద్ధానంతరం క్రీస్తు పూర్వం 3102 నుంచి లెక్కపెట్టి, ఆరువేల ఏళ్ళు కలిపితే 2898 వచ్చింది. అంటే ఇది కూడా ఒక అనుసరణే. మూలం మాత్రం వేరు.

మూలం నవలైనా పురాణమైనా తేడా ఏముంటుంది అని అడగొచ్చు. చాలా తేడా ఉంది. 1985లో వచ్చిన మార్గరెట్ ఆట్‌వుడ్ నవల ‘హాండ్‌మెయిడ్స్ టేల్’ చూడండి. అక్కడా ఇదే పరిస్థితి. పిల్లలు పుట్టటం తగ్గిపోయిన రాజ్యం గర్భం దాల్చగల స్త్రీలని బందీలుగా పెట్టుకుంటుంది. ఆమెకి సొంత పేరు ఉండదు, ఏ మగవాడి ఇంట్లో ఉంటే అతని పేరుతోనే పిలుస్తారు. కానీ ఆ కథని చెప్పేది ఆమే. పేరు పోయినా ‘నేను’ అనే మాట ఆమె దగ్గరే ఉంది. ఆమె భయపడుతుంది, వెటకారం చేస్తుంది, అబద్ధం చెప్పి మళ్ళీ సరిదిద్దుకుంటుంది. శరీరం రాజ్యం చేతిలో ఉన్నా కథ ఆమె చేతిలో ఉంది. ఆ నవల బలమంతా అదే.

అది సినిమాగా మారినప్పుడు ముందు పోయేది ఈ ‘నేను’. 1990లో ఫోల్కర్ ష్లోండార్ఫ్ తీసిన సినిమాలో ఆమెకి కేట్ అని పేరు పెట్టారు, చివర్లో చేతికి కత్తి ఇచ్చారు, లోపలి గొంతుని మాత్రం దాదాపు తీసేశారు. ఇంకో ఉదాహరణ ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’. పి.డి. జేమ్స్ 1992లో రాసిన నవలలో పిల్లలు పుట్టకపోవడానికి కారణం మగవాళ్ళ వీర్యంలో శక్తి పోవడం. 2006లో ఆల్ఫోన్సో కువరోన్ సినిమాలో అది స్త్రీల వంధ్యత్వమైంది. సినిమాగా అది గొప్పదే. అందులో గర్భవతిని నల్లజాతి శరణార్థిగా చేసి వలస రాజకీయాలని బలంగా చెప్పాడు. కానీ లోపం మగ శరీరం నుంచి ఆడ శరీరానికి ఎంత సులువుగా బదిలీ అయిపోయిందో చూడండి. గొడ్రాలు అనే మాట ఉండి, మగవాడికి సమానమైన తిట్టు లేని భాషలో పుట్టిన మనకి ఇది ఆశ్చర్యంగా కూడా అనిపించదు.

నవల నుంచి వచ్చిన సినిమాల్లోనే స్త్రీ గొంతు ఇలా జారిపోతుంటే, పురాణం నుంచి వచ్చినదాంట్లో ఏమవుతుంది? పురాణంలో పుట్టుక ముందే నిర్ణయమైపోయింది. కల్కి పుట్టాలి, పుడతాడు. ఇక ఆ తల్లికి ఆ బిడ్డ కావాలా వద్దా అన్న ప్రశ్నకి చోటెక్కడ? భాగవతం కల్కి తండ్రి పేరు చెబుతుంది, విష్ణుయశుడు. తల్లి పేరు చెప్పదు. కల్కి పురాణంలో ఆమె పేరు సుమతి. సినిమా ఆ పేరే తీసుకుంది. శంబల నుంచి వచ్చిన కైరా సమ్-80ని సుమతిని చేస్తుంది. ఒక స్త్రీ ఇంకో స్త్రీకి నంబరు తీసేసి పేరు ఇవ్వటం సినిమాలో మంచి క్షణం. కానీ ఆ పేరు కూడా గ్రంథంలో ముందే రాసి పెట్టి ఉందని మనకి తెలుసు. తెలుగువాళ్ళకి సుమతి అంటే ఇంకో కథ కూడా గుర్తొస్తుంది. కుష్టు రోగి భర్తని బుట్టలో పెట్టుకుని వేశ్య ఇంటికి మోసుకెళ్ళి, అతని ప్రాణం కోసం సూర్యుణ్ణి ఆపిన పతివ్రత. ఆ సుమతి భర్తని మోసింది. ఈ సుమతి దేవుణ్ణి మోస్తుంది. మోయటం మాత్రం తప్పలేదు.

సినిమా మొదలయ్యేది ఇంకో గర్భంతో. కురుక్షేత్రం ముగిశాక అశ్వత్థామ ఉత్తర కడుపులో ఉన్న శిశువుని చంపబోతాడు. కృష్ణుడు అతన్ని శపిస్తాడు, కల్కిని మోసే తల్లిని కాపాడితేనే అతనికి విముక్తి అంటాడు. ఉత్తర ఎవరు? బాల్యం దాటకముందే పెళ్ళై, అభిమన్యుడు చనిపోయి, కడుపుతో మిగిలిన పిల్ల. ఆమె మీద ప్రయోగించిన అస్త్రం అశ్వత్థామకీ పాండవులకీ మధ్య ఉన్న పగ. తర్వాత ఆరువేల ఏళ్ళు నడిచే ప్రాయశ్చిత్తం అశ్వత్థామకీ కృష్ణుడికీ మధ్య ఉన్న ఒప్పందం. మగవాళ్ళు పగ తీర్చుకోవటానికి ఒక గర్భం, పాపం కడుక్కోవటానికి ఇంకో గర్భం. అశ్వత్థామ పశ్చాత్తాపాన్ని అమితాబ్ బచ్చన్ ఎంతో గంభీరంగా చేశారు. ఉత్తరకి మాత్రం సినిమాలో కొద్ది నిమిషాలు కూడా దక్కలేదు. అతను ఆమెకి క్షమాపణ చెప్పాలన్న ఆలోచన ఆ ఆరువేల ఏళ్ళలో ఎవరికీ రాలేదు.

సుమతికి తన గర్భం కావాలనే ఉంది కదా, దాచుకుని కాపాడుకుంది కదా అని అనొచ్చు. నిజమే. ఆమె బతకాలనుకోవటం, పారిపోవటం, మంటల్లోంచి నడిచి రావటం మనల్ని కదిలిస్తాయి. కానీ ఆ గర్భం ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. ప్రయోగశాలలో బలవంతంగా పెట్టింది. దాని మీద ఆమెకి కోపం ఉందా, అసహ్యం ఉందా, ప్రేమ ఉందా, ఈ మూడూ కలిసి ఉన్నాయా? ఒక నవలా రచయిత్రి అయితే ఇక్కడే వంద పేజీలు ఆగిపోయేది. సినిమా ఒక్క నిమిషం కూడా ఆగదు. సినిమాకి కోపం సీరం తీయటం మీద. గర్భం బలవంతంగా పెట్టటం మీద కాదు. ఎందుకంటే అది దేవుడి గర్భం కాబట్టి, ఎలా వచ్చిందన్నది అప్రస్తుతమైపోయింది. పైగా ఆమె నిప్పులోంచి చెక్కుచెదరకుండా వస్తుంది. సీత నుంచి ఇప్పటిదాకా మన కథల్లో స్త్రీ నమ్మదగినదని రుజువు చేసేది నిప్పే. 2898లో కూడా ఆ పరీక్ష రద్దు కాలేదు.

కాంప్లెక్స్ సుమతి గర్భాన్ని గనిగా చూసింది. శంబల గుడిగా చూసింది. గనిలో ఉంటే తవ్వుతారు, గుడిలో ఉంటే దణ్ణం పెడతారు. ఈ రెండూ ఒకటేనని నేననను. చంపేవాళ్ళూ కాపాడేవాళ్ళూ ఒకటి కాదు. కానీ గనినీ ఎవరూ అడగరు, గుడినీ ఎవరూ అడగరు. “నీకేం కావాలి?” అనే మాట రెండు చోట్లా లేదు. మరియంగా శోభన, కైరాగా అన్నా బెన్ చేసిన పాత్రలు బలమైనవే. వాళ్ళు నిర్ణయాలు తీసుకుంటారు, పోరాడతారు. కైరా ప్రాణమే ఇస్తుంది. అయినా వాళ్ళు కాపాడుతున్నది సుమతిని అనే కంటే సుమతి కడుపుని అనటం నిజానికి దగ్గర.

సినిమా చూసి వస్తుంటే నా స్నేహితురాలు అడిగింది, “మరి ఆ ల్యాబ్‌లో మిగిలిన ఆడపిల్లల సంగతేంటే?” అని. ఆ ప్రశ్నకి మొదటి భాగంలో జవాబు లేదు. దేవుడు లేని కడుపులు కదా, వాళ్ళ కోసం ఏ అశ్వత్థామా బయల్దేరలేదు. ఇంకొకటి కూడా గమనించాను. భైరవ నడిపే కారు ‘బుజ్జి’కి గొంతు కీర్తి సురేష్‌ది. సావిత్రిగా మనల్ని ఏడిపించిన నటి ఇక్కడ ఒక యంత్రంలో చలాకీ మాటలుగా మిగిలింది. బుజ్జికి బోలెడు మాటలున్నాయి, శరీరం లేదు. సుమతికి శరీరముంది, మాటలు బహు కొద్ది.

ఇదంతా కల్పన, పైగా మాస్ సినిమా, ఇంత లోతుగా చూడాలా అని కొందరికి అనిపించొచ్చు. కానీ కాంప్లెక్స్ అంత దూరంలో లేదు. 2017 జూన్‌లో, జూబ్లీహిల్స్ పక్కనే ఉన్న బంజారాహిల్స్‌లో, ఒక సంతాన సాఫల్య కేంద్రంలో పోలీసులు సోదా చేస్తే, నలభైమందికి పైగా అద్దె గర్భాల తల్లులు ఒకేచోట ఉన్నారు. పేదరికం నుంచి వచ్చి, తమవి కాని బిడ్డల్ని మోస్తున్నవాళ్ళు. ఆ వార్తలో కూడా వాళ్ళు ఒక సంఖ్యే. తర్వాత 2021లో సరోగసీ నియంత్రణ చట్టం వచ్చి, 2022 జనవరి నుంచి అమలైంది. డబ్బుకి గర్భాన్ని ఇవ్వటం నేరమైంది. వైద్య ఖర్చులు, బీమా తప్ప మరేమీ తీసుకోకుండా, దయతో ఇస్తే తప్పు లేదు. గని మూసేసి గుడి కట్టారన్నమాట. దోపిడీ ఆగాలన్నది నిజమే. కానీ తొమ్మిది నెలల శరీర శ్రమకి కూలి అడిగితే పాపం, త్యాగం చేస్తే పుణ్యం అనే ఈ లెక్క ఎవరిది? దాన్ని రాసేటప్పుడు ఆ స్త్రీలని ఎంతవరకు అడిగారు?

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలోనూ రెండు తెలుగు రాష్ట్రాలు మొదటి వరసలో ఉన్నాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో నిబంధన పెట్టారు. 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనని తీసేసింది. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. ముప్ఫై ఏళ్ళు కనొద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. రెండుసార్లూ మాట్లాడింది రాజ్యమే. 2898 దాకా వెళ్ళక్కర్లేదు.

సినిమా బయట జరిగిన కథ కూడా చెప్పుకోవాలి. ‘కల్కి’ విడుదలయ్యేనాటికి దీపికా పదుకోన్ నిజంగానే గర్భవతి. ప్రచార సభల్లో ఆమె కడుపుతో కనిపించారు. 2024 సెప్టెంబర్‌లో ఆమెకి పాప పుట్టింది. సరిగ్గా ఏడాదికి, 2025 సెప్టెంబర్‌లో, రెండో భాగంలో ఆమె ఉండరని నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఇలాంటి సినిమాకి నిబద్ధత కావాలన్నది ఆ ప్రకటన సారాంశం. ఆమె రోజుకి ఎనిమిది గంటల పని అడిగారని పత్రికలు రాశాయి. ఎందరో మగ తారలు ఏళ్ళ తరబడి ఎనిమిది గంటలే పనిచేస్తున్నా అది ఎప్పుడూ వార్త కాలేదని ఆ తర్వాత నెలలో ఆమె ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ఎవరిది తప్పో తేల్చటం ఈ వ్యాసం పని కాదు. కానీ తెరమీద తల్లిని ఆరువేల ఏళ్ళు ఎదురుచూసిన పరిశ్రమ, తెర బయట తల్లి పనిగంటల గురించి మాట్లాడటానికి ఎంత ఇబ్బంది పడుతుందో ఈ సందర్భం చూపించింది.

ఫిల్మ్ నగర్‌కి ఇది కొత్త కాదు. 2018 ఏప్రిల్‌లో ఫిల్మ్ ఛాంబర్ ముందు ఒక నటి చేసిన నిరసన తర్వాత, స్త్రీల మీద వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో ఉపసంఘం వేసింది. నివేదిక 2022లో ప్రభుత్వానికి అందింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, మనదాన్ని కూడా బయటపెట్టమని నటి సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది. స్త్రీలు నోరు విప్పి చెప్పిన మాటలు కూడా రెండేళ్ళకు పైగా ఫైల్లోనే ఉన్నాయంటే, సుమతి నోట మాట రాయటం ఈ పరిశ్రమకి ఎందుకు చేతకాలేదో ఆశ్చర్యపోనవసరం లేదు.

అయితే ఆ మాట మనకి లేనిది కాదు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ కవితలు వచ్చి దశాబ్దాలైంది. గర్భం గురించి గర్భం ఉన్న మనిషి మాట్లాడితే ఎలా ఉంటుందో అవి తెలుగుకి నేర్పాయి. ఇంకా వెనక్కి వెళ్తే, రొకేయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లోనే అచ్చయింది. స్త్రీలు సైన్సుతో నడిపే దేశాన్ని, మగవాళ్ళు పరదాలో ఉండే దేశాన్ని ఆమె ఊహించింది. దాన్ని ప్రచురించింది మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. దాని సంపాదకురాలు తెలుగు కుటుంబంలో పుట్టిన కమలా సత్యనాథన్. అంటే స్త్రీలు భవిష్యత్తుని ఊహించిన చరిత్రలో మనకీ వాటా ఉంది. దాన్ని మనం వదిలేసుకున్నాం. పురాణాల్లోని సీతని, అహల్యని, శూర్పణఖని తిరగరాశాం. ఓల్గా ‘విముక్త’ అందుకు గొప్ప ఉదాహరణ. రాబోయే కాలాన్ని మాత్రం గ్రాఫిక్స్ చేసేవాళ్ళకి అప్పగించాం.

‘కల్కి’ రెండో భాగంలో సుమతిగా ఎవరు నటిస్తారన్నది పరిశ్రమ ప్రశ్న. మన ప్రశ్న వేరు. ఉత్తర తరఫున, సుమతి తరఫున, ల్యాబ్‌లో మిగిలిపోయిన ఆ నంబర్ల తరఫున తెలుగులో ఒక నవల రావాలి. అందులో ఒక గర్భవతి ‘నేను’ అని మొదలుపెట్టాలి. ఆమె కడుపులో దేవుడు ఉండక్కర్లేదు. ఆ కడుపు ఎవరిదో ఆమె చెబితే చాలు. అలాంటి నవలని ఫిల్మ్ నగర్ కొంటుందా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు మనం రాయాలి కదా.